కప్పకు పెట్టిన పథ్యం

మా ఇంటి ఫ్రిజ్ తలుపు చుట్టాలెవరూ తీయరు. ఒకసారి తెలియక తీసిన మా ఆడబిడ్డ ఆ తర్వాత మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పై అరలో పాలూ పెరుగూ కొత్తిమీరా అందరిళ్ళలో ఉన్నట్టే ఉంటాయి. కింది అరలో మాత్రం మూతలకు చిల్లులు పొడిచిన డబ్బాలుంటాయి. ఒకదాంట్లో వానపాములు, ఒకదాంట్లో పట్టుపురుగులు. ఇలకోళ్ళకు, అదే కీచురాళ్ళకు, చలి పడదు కాబట్టి వాటిని బాల్కనీలో కోడిగుడ్ల అట్టల మధ్య పెంచుతాను. చెదలు వంటగట్టు కింద కుండలో ఉంటాయి. "నా కోడలు కప్పలకు వంటమనిషి" అని మా అత్తమ్మ అనసూర్యమ్మ హనుమకొండలో తెలిసినవాళ్ళందరికీ చెప్పి పెట్టింది. ఆ మాటలో వెక్కిరింత ఉంది గానీ అబద్ధం లేదు.

నేను పనిచేసే ల్యాబులో పురుగుల గది బాధ్యత నాది. అక్కడ పగలంతా నలుగురి కప్పలకు మేత తయారు చేసి, ఇంటికొచ్చి మా ఇంటి కప్పకు చేస్తాను. దాని పేరు గుమ్మడి. పసుపుపచ్చగా, గుండ్రంగా, ఎప్పుడూ అలిగినట్టుండే దాని ముఖం చూసి మా అమ్మాయి మైథిలి పెట్టిన పేరది.

"సబ్బు పెట్టకు, ఉత్త నీళ్ళతోనే కడుక్కో" అని రోజూ పొద్దున చెప్పేదాన్ని.

"నాకెర్కనే అమ్మా, ఎన్నిసార్లు జెప్తవ్" అని తొమ్మిదేళ్ళ మైథిలి విసుక్కునేది. నేల మీద మఠం వేసుకుని కూర్చుని ఎడమ చెయ్యి చాపేది. నేను గాజుపెట్టె మూత తీసి గుమ్మడిని ఆ అరచేతిలో పెట్టేదాన్ని.

కప్ప మొదట కదలదు. గొంతు కింది చర్మం మాత్రం ఆడుతూ ఉంటుంది. అరచేతి చెమటను తన పొట్ట చర్మంతో రుచి చూస్తుంది. ఈ పిల్ల ఒంట్లో ఇవాళ ఏది తగ్గిందో ఏది పెరిగిందో దానికి తెలిసిపోతుంది. తెలిశాక దాని వీపు మీద సన్నని చుక్కలు ఊరి, పక్కలకు జారి, పిల్ల చేతిలోకి ఇంకిపోతాయి. నేనొక నీలం కాగితం ముక్కను ఆ తడికి ఆనించేదాన్ని. కాగితం పసుపెక్కితే మందు వచ్చినట్టు. అప్పుడు నా ప్రాణం లేచి వచ్చేది, ఆ తర్వాతే పొయ్యి మీద టీ పెట్టుకునేదాన్ని.

మా ల్యాబు సాధించింది ఇదే. మనిషి ఒంటిని చదివి, ఆ మనిషికి కావలసిన మందును తన చర్మంలో వండి ఇచ్చే కప్ప. వంటకు సరుకులు కావాలి కదా, ఆ సరుకులు పురుగుల్లో ఉన్నాయి. చీమలో ఉన్నది చెదలో ఉండదు, చెదలో ఉన్నది మిడతలో ఉండదు. ఒకే మేత వేసి పెంచితే కప్ప బతుకుతుంది గానీ ఒట్టి జిగట కారుస్తుంది. అందుకే నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఎక్కడ పుట్ట కనిపించినా స్కూటీ ఆపేదాన్ని. పెళ్ళికి పోతే పందిరి లైట్ల కింద రాలిన పురుగులను కర్చీఫులో మూటగట్టుకొచ్చేదాన్ని.

నవ్వేవాళ్ళు నవ్వనీ. గుమ్మడి రాకముందు మైథిలికి వారానికోసారైనా ఫిట్స్ వచ్చేవి. బడిలో, ఆటోలో, అన్నం ముందు, ఎక్కడంటే అక్కడ. డాక్టర్లిచ్చిన మాత్రలతో ఫిట్స్ తగ్గలేదు గానీ పిల్ల మత్తులో మునిగి, వచ్చిన అక్షరాలు కూడా మరిచిపోయింది. దసరాకు గుమ్మడి ఇంటికొచ్చింది. అప్పటి నుంచి ఫిట్స్ ఒక్కసారి కూడా రాలేదు. పిల్ల సైకిలు నేర్చుకుంది. ఎక్కాలు అప్పజెప్పింది.

అయితే ఈ కప్పతో ఒక చిక్కుంది. ఒక కప్ప ఒక చేతికే. కొన్నాళ్ళు ఆ చేతిలో పలకకపోతే, అంటే మందు ఊరకపోతే, దాన్ని మరిచిపోతుంది, మళ్ళీ నేర్చుకోదు. ఆ భయం నా మెడ మీద ఎప్పుడూ కూర్చుని ఉండేది.

ఇలకోళ్ళు తిన్నదే చివరికి కప్ప పొట్టలోకి పోతుంది కాబట్టి వాటికి మంచి తిండి పెట్టాలి. రోజూ క్యారెట్, బీట్‌రూట్ తురిమి, మునగాకు దూసి వేసేదాన్ని. కప్ప ఎముకలు మెత్తబడకుండా ఆ ఇలకోళ్ళ మీద గుడ్డుపెంకుల పొడి చల్లి వేసేదాన్ని. ఒకరోజు తురుముతుంటే మైథిలి వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మా, ఆ గాజర్ నాకొక ముక్క ఇయ్యవా?"

"ఇది ఇలకోళ్ళకు బిడ్డా. నీకు సాయంత్రం తెస్త."

ఆ సాయంత్రం తెచ్చానో లేదో నాకు గుర్తు లేదు.

ఎండలు ముదిరాక మైథిలికి ఆటలమ్మ పోసింది. అత్తమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. ఇంట్లో పోపు బంద్, మసాలా బంద్, మాంసం పేరెత్తడం కూడా బంద్. "అమ్మవారు సల్లబడేదాక ఇంట్ల సుయ్యిమని సప్పుడు గావద్దు" అని ఆర్డరు వేసింది. పిల్లకు మెత్తటి అన్నం, పెరుగు, ఉప్పేసిన పెసరకట్టు. నేను కాదనలేదు. నాకు తీరిక కూడా లేదు. ఆ వేడికి ల్యాబులో ఇలకోళ్ళు కుప్పలుగా చచ్చిపోతున్నాయి, మిగతా పిల్లల కప్పలకు మేత సరిపోవడం లేదు. మా ఆయన భూపాలపల్లి గనుల్లో ఉద్యోగం, ఆదివారం మనిషి. పొద్దున్నే గుమ్మడి మేతను డబ్బాల్లో సర్ది పెట్టి పోయేదాన్ని. పగలు వేయడం అత్తమ్మకు అప్పజెప్పాను.

రానురాను నీలం కాగితం అంతంతమాత్రంగా మారసాగింది. ఎండలకేమో అనుకున్నాను. అనుకోవడం తేలిక కదా.

ఆటలమ్మ తగ్గి నీళ్ళు పోసే రోజు వచ్చింది. వేపాకు, పసుపు కలిపిన నీళ్ళు ఎండలో పెట్టి అత్తమ్మ పిల్లను పీట మీద కూర్చోబెట్టింది. రెండు చెంబులు పోసిందో లేదో, మైథిలి చూపు ఒకవైపు లాగేసింది. చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. నేను పరుగెత్తి పిల్లను పక్కకు తిప్పి పట్టుకున్నాను. అత్తమ్మ చేతిలో చెంబు జారి పసుపు నీళ్ళు వాకిలంతా పారాయి. చాలాసేపటికి పిల్ల కళ్ళు తెరిచింది.

"అమ్మా, మళ్ళొచ్చిందా?" అంది.

పిల్లను పడుకోబెట్టి తిన్నగా గుమ్మడి దగ్గరకు పోయాను. నేను సర్దిపెట్టిన డబ్బాలు అలాగే ఉన్నాయి. చీమలు, చెదలు, మిడతలు, ఏవీ తగ్గలేదు. గాజుపెట్టె మూలన మాత్రం సన్నని నల్లటి పురుగులు పాకుతున్నాయి. బియ్యంలో పుట్టే ముక్కపురుగులు. వంటింట్లో చూస్తే ఒక స్టీలు డబ్బా నిండా అవే.

"ఏందత్తమ్మా ఇది?"

అత్తమ్మ దాచలేదు. దాచవలసిన పని చేశానని ఆమె అనుకోలేదు.

"నువ్వే జెప్తివి గాదు, కప్ప తిన్నదే మందయి పిల్లకు వోతదని. పిల్లకు అమ్మవారు వోసె. నేను ఇంట్ల పోపు గూడ పెడ్తలేను. ఈ కప్ప సూస్తే ఎర్రచీమలు, చెదలు తినవట్టె. ఆ వేడంత పిల్లకే గదా? అందుకే దానికి గూడ పథ్యం వెట్టిన. బియ్యంల పురుగు బియ్యమే తింటది. అంతకన్న సల్లటిదేముంటది?"

ఆమె లెక్క నేను చెప్పిన లెక్కే. అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

"పథ్యమా? కప్పకు పథ్యమా? మీరు పిల్ల నోటికాడి మందు గుంజుకున్నరు. తెలుస్తున్నదా?" నా గొంతు పక్కింటికి వినిపించేంత లేచింది. "పిల్ల తిండి మీరు సూస్కోండ్రి, మీ ఇష్టం. కప్ప తిండి నేను సూస్కుంట. ఇగ దీని జోలికి రావద్దు."

అత్తమ్మ ముక్కపురుగుల డబ్బా తీసుకుపోయి వాకిట్లో వేపచెట్టు మొదట్లో ఒంపింది. చెంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చి, పిల్లకు పెరుగన్నం కలపడానికి కూర్చుంది.

ఆ రోజు నుంచి నేను కప్పను కంటికి రెప్పలా చూసుకున్నాను. ల్యాబుకు పోతూ గాజుపెట్టెను స్కూటీ ముందు పెట్టుకుని పోయేదాన్ని. పొద్దున చీమలు, మధ్యాహ్నం మిడతలు, సాయంత్రం చెదలు, మధ్యలో వానపాము ముక్కలు. గుమ్మడి మళ్ళీ బలిసింది. పెట్టెలో ఉన్నప్పుడు దాని వీపు మెరిసేది. మైథిలి చేతిలో పెడితే మాత్రం పొడిగా కూర్చునేది. నీలం కాగితం నీలంగానే ఉండేది.

"చెయ్యి మరుస్తున్నదేమో మంజులా" అని మా ల్యాబు పెద్ద డాక్టర్ తస్నీమ్ అంది. "రోజూ పెడ్తనే ఉండు. ఆపకు. రెండు నెలలల్ల పలకకపోతే ఇగ పలకది."

బడులు తెరిచారు. ప్రార్థన వరుసలో మైథిలి పడిపోయింది. టీచరమ్మ పిల్లను ఆటోలో తీసుకొచ్చి దింపుతూ, "తగ్గినంకనే పంపండి మేడం, మాకు భయమైతున్నది" అంది. మైథిలి సంచీ తీసి మూలన పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

నా బుర్రలో ఇక ఒకటే తిరుగుతోంది. ఏ సరుకు తక్కువైంది? గుమ్మడి తాతలను మొదట అడవి నుంచి పట్టుకొచ్చింది తొలకరిలో. అప్పుడవి తిన్నది ఆరుద్ర పురుగులు. ఎర్రని మఖమల్ గుడ్డ కప్పుకున్నట్టుండే ఆ పురుగులను మామూలు కప్పలు ఉమ్మేస్తాయి, ఈ జాతి మాత్రం మింగుతుంది. అదే, అదే తక్కువైంది అనుకున్నాను. ఆరుద్ర కార్తె రానే వచ్చింది. తొలి వాన కురిసిన పొద్దున్నే స్కూటీ తీసి ధర్మసాగరం వైపు పోయాను.

చేలల్లో ఒక్కటి లేదు. పత్తి గింజలు పెడుతున్న ఒక రైతు నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "ఎక్కడివమ్మా ఆరుద్ర పురుగులు! మేం కొట్టే మందులకు మేమే బతుకుడు కష్టమున్నది" అన్నాడు. మళ్ళీ మరునాడు, మళ్ళీ ఆ మరునాడు. చీర కుచ్చిళ్ళకు బురద, చెప్పు తెగింది, ల్యాబుకు ఆలస్యం. చివరికి ఊరి బయట అమ్ముడుపోని ప్లాట్లలో దొరికాయి. రాళ్ళు పాతి వదిలేసిన చోట మందు కొట్టేవాడెవడూ లేడు కాబట్టి గడ్డిలో ఎర్రగా పాకుతున్నాయి. టిఫిన్ డబ్బాలో గడ్డివేసి నింపుకున్నాను. దారంతా నవ్వుకుంటూ వచ్చాను.

మైథిలి ఎన్నాళ్ళకో నవ్వింది. ఒక పురుగును వేలి మీద ఎక్కించుకుని, "ఎంత మెత్తగున్నదమ్మా! అగ్గిపెట్టెల వెట్టుకుంట, ఒక్కటి" అంది.

"ఒక్కటి గూడ లేదు. అన్నీ గుమ్మడికే" అని ఆ వేలి మీది పురుగును కూడా తీసుకున్నాను. పిల్ల చూస్తుండగానే గుమ్మడి నాలుక చాపి దాన్ని లాగేసింది. మైథిలి ఏడ్వలేదు. వేలినలాగే చాపి కొంతసేపు చూసుకుని లోపలికి పోయింది. అత్తమ్మ గడపలో నిలబడి ఉంది. పిల్ల వెనకే తనూ లోపలికి పోయింది.

మరునాడు పొద్దున గుమ్మడిని చేతిలో పెట్టాను. పొడి. ఆ మరునాడూ పొడి.

ఇక నా వల్ల కాక పిల్లను, కప్పను ఇద్దరినీ ల్యాబుకు తీసుకుపోయాను. తస్నీమ్ మేడం గుమ్మడిని అటూ ఇటూ తిప్పి చూసింది. మైథిలి చేతిలో పెట్టి చూసింది. కాగితం మారలేదు. ఏమనుకుందో, ఉన్నట్టుండి, "నీ చెయ్యి చాపు మంజులా" అంది.

గుమ్మడి నా అరచేతిలో కాసేపు గొంతు ఆడించింది. వీపు మీద చుక్కలు ఊరాయి. నాకు కావలసిన మందేమీ కాదు, పరాయి చేతికి తోచిందేదో వండినట్టుంది. కానీ కాగితం పసుపెక్కింది.

మేడం కుర్చీ లాక్కుని కూర్చుంది. "కప్పకు ఏ రోగం లేదు. దాని దగ్గర అన్ని సరుకులు ఉన్నయి. ఏం వండాల్నో చెప్పవలసింది పిల్ల చెమట. ఆ చెమటల చదువుకునేటందుకు ఏం లేకపోతే అది ఏం జేస్తది?" అని, నా వైపు తిరిగింది. "గుమ్మడి ఈ వారం ఏం తిన్నది?"

నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఏ పూట ఏ పురుగు, దానిమీద ఏ పొడి, ఆ పురుగు ముందు రోజు ఏ ఆకు తిన్నది, అన్నీ.

"మంచిది. మైథిలి ఏం తిన్నది?"

నిన్న మధ్యాహ్నం? మొన్న? నేను ఇంటికి రాగానే అడిగేది "గుమ్మడి ఎట్లున్నది?" అని. పిల్ల కంచంలోకి చూసి ఎన్నాళ్ళయిందో నాకు తెలియదు.

"పెరుగన్నం" అని మైథిలే చెప్పింది, నేల చూపులు చూస్తూ. "ఆటలమ్మ వోసినకాంచి అదే. నాయినమ్మ పెసరకట్టు గూడ పోస్తది."

తస్నీమ్ మేడం ముఖం చిన్నబోయింది. "తప్పు మాది గూడ. కప్పలు ఏం తిన్నయో ప్రతి ఇంటికి ఫోన్ చేసి అడిగినం. పిల్లలు ఏం తింటున్నరో ఎవ్వలం అడగలే" అంది.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. ముక్కపురుగుల వల్ల పోయింది కొద్ది రోజులే, నాలుగు రకాల మేత పడగానే కప్ప కోలుకుంది. ఆ తర్వాత పోయినదంతా నా నోటి నుంచి వచ్చిన మాట వల్లే పోయింది. పిల్ల తిండి మీ ఇష్టం అన్నాను. మళ్ళీ ఫిట్స్ వచ్చేసరికి అమ్మవారు ఇంకా శాంతించలేదని భయపడి ఆ ముసలావిడ పథ్యం బిగించింది. ఒక మాట చెప్పి సర్దవలసిన నేను పురుగుల వెంట పడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ మధ్యాహ్నం భోజనానికి కూర్చుంది. ఆమె కంచంలో కూడా పెరుగన్నమే.

"మీరెందుకత్తమ్మా ఇది తింటున్నరు?"

"పిల్లకు లేనిది నాకెందుకు బిడ్డా" అంది తలెత్తకుండా.

నేను ఆమె పక్కన నేల మీద కూలబడ్డాను. "తప్పు నాదత్తమ్మా. కప్పను నేను తీసుకుని పిల్లను మీ మీదికి తోసేసిన. పథ్యం చాలు. పిల్లకు అన్ని పెడ్దాం."

"అమ్మవారు..."

"అమ్మవారు ఎప్పుడో వోయింది. మనమే పంపిస్తలేము."

అత్తమ్మ చాలాసేపు గుమ్మానికి ఎండిపోయి వేలాడుతున్న వేపమండల వైపు చూసింది. లేచి వాటిని తనే తెంపింది. నేను ఇలకోళ్ళ కోసం తెచ్చిన మునగాకును సగానికి పంచి పప్పులో వేశాను. క్యారెట్లు కడిగి మైథిలి చేతికిచ్చాను. అత్తమ్మ మూకుడులో నూనె పోసి ఆవాలు, ఎండుమిరపకాయ వేసింది. ఎన్నాళ్ళకో ఇంట్లో సుయ్యిమని చప్పుడైంది. పక్క గదిలో పడుకున్న మైథిలి కొరుకుతున్న క్యారెట్ చేత్తో పట్టుకునే వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

పిల్ల తింటున్నా నాకు మనసు నిమ్మళంగా లేదు. రోజూ పొద్దున గుమ్మడిని చేతిలో పెట్టడం, కాగితం ఆనించడం, నీలాన్ని చూసి పక్కన పెట్టడం. మేడం చెప్పిన గడువు దగ్గర పడుతోంది. మధ్యలో ఒకసారి చిన్నగా ఫిట్స్ వచ్చిపోయాయి. అయినా అత్తమ్మ ఈసారి పథ్యం మాట ఎత్తలేదు. ఒకరోజు పుంటికూర, ఒకరోజు బీరకాయ, ఒకరోజు చేపల పులుసు, సాయంత్రం మక్కకంకులు. పిల్ల చెంపలకు రంగు వచ్చింది. కప్ప పలకకపోయినా ఇది మిగిలిందిలే అని ఒక పూట అనుకునేదాన్ని, మరో పూట గాజుపెట్టె ముందు కూర్చుని ఏడ్చేదాన్ని.

ఆ రోజు ఆలస్యంగా లేచాం. మైథిలి కుడిచేత్తో సర్వపిండి రొట్టె తుంచుకుని తింటూనే ఎడమ చెయ్యి చాపింది. గుమ్మడిని పెట్టి నేను పొయ్యి మీది పాలు చూడడానికి పోయాను.

"అమ్మా, చెయ్యి తడిగైంది."

"ఉచ్చ వోసిందేమో సూడు" అంది అత్తమ్మ పెనం దగ్గర నుంచి.

నీలం కాగితం తెచ్చి ఆనించాను. తొందరలో రెండుసార్లు జారి కిందపడింది. మూడోసారి అంచు నుంచి పసుపు పాకడం మొదలైంది. నిమ్మళంగా, నిదానంగా, ముక్క మొత్తం. అత్తమ్మ పిండి చేతులతోనే వచ్చి ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. మేమిద్దరం ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుస్తుంటే మైథిలి, "నాకింకో సర్వపిండి కావాలె" అంది.

సాయంత్రం తస్నీమ్ మేడం రోజూలాగే ఫోన్ చేసింది. "ఇయ్యాల ఏం తిన్నది?"

"పొద్దున సర్వపిండి మేడం, ఒకటి గాదు రెండు. పగటీలి పుంటికూర, గుడ్డు. ఇప్పుడు నేరేడు పండ్లు తింటున్నది, నాలుకంత నల్లగైంది."

మేడం అవతల నవ్వింది. "నేను అడిగింది కప్ప సంగతి, మంజులా."

నేను గాజుపెట్టె వైపు చూశాను. గుమ్మడి మూతి ముడుచుకుని నా వైపే చూస్తోంది. పొద్దుటి నుంచి దానికి మేత వేయడమే మరిచిపోయాను.